పోయాలి, కలపాలి, వదలాలి: ఇంగ్లీషు వాక్యంలో వరుస నేర్చుకున్న నా అనుభవం

2019 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేసరికి నా బల్ల మీద డీవియేషన్ ఫారం పెట్టి ఉంది. పని అనుకున్నట్టు జరగనప్పుడు కారణం రాసి నింపే కాగితం అది. రాత్రి షిఫ్టులో ఒక రియాక్టర్, అంటే మందు తయారుచేసే పెద్ద పాత్ర, కడిగారు. కడిగిన ద్రవంలోంచి తీసిన రిన్స్ శాంపిల్ ల్యాబ్‌లో ఫెయిలైంది. అంతకుముందు చేసిన మందు తాలూకు అవశేషం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని రిపోర్టు. తర్వాతి బ్యాచ్ మొదలుపెట్టడానికి వీల్లేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు ఫోన్ చేసి, "ఆపరేటర్ పొరపాటే మేడమ్, కొత్త కుర్రాడు. కారణం దగ్గర అదే రాసేద్దాం" అన్నారు.

నేను సంగారెడ్డి జిల్లా వైపున్న ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లోకి వెళ్ళే అసలు మందు) ఫ్యాక్టరీలో క్వాలిటీ అస్యూరెన్స్ విభాగంలో పనిచేస్తాను. డాక్యుమెంట్లు రాయడం, రాసినవి సరిచూడడం నా పని. మా దగ్గర ఏ పని చేయాలన్నా దానికొక ఎస్‌ఓపీ ఉంటుంది. ఏ అంచె తర్వాత ఏ అంచె చేయాలో రాసిపెట్టిన కాగితం అది. రియాక్టర్ కడగడానికీ ఉంది, చేతులు కడుక్కోవడానికీ ఉంది. అన్నీ ఇంగ్లీషులోనే. నాది ప్రకాశం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఇంగ్లీషులో చదివినది అర్థమయ్యేది, రాసినది పక్కవాళ్ళకి అర్థమయ్యేది. అది చాలనుకున్నాను.

ఆ రియాక్టర్ ఎస్‌ఓపీ రాసింది నేనే. అందుకే ఫారం మీద సంతకం పెట్టేముందు ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడాలనిపించింది. శ్రీకాకుళం వైపు అబ్బాయి, చేరి రెండు నెలలు కూడా కాలేదు. రాత్రంతా పనిచేసి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, నేను సొంతంగా ఏమీ చేయలేదండి. కాగితంలో ఎలా ఉందో అలాగే చేశాను."

"ఎలా చదివావో చెప్పు తమ్ముడూ."

జేబులోంచి ఏమీ తీయలేదు. గోడకున్న బోర్డు దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, ఎస్‌ఓపీలోని ఆ వాక్యం మీద వేలుపెట్టి చదివాడు. "ఛార్జ్ 300 లీటర్స్ ఆఫ్ మెథనాల్ ఇంటు ది రియాక్టర్, స్టిరింగ్ ఫర్ 30 మినిట్స్ అండ్ టు డ్రెయిన్ త్రూ ది బాటమ్ వాల్వ్." ఛార్జ్ అంటే మా దగ్గర పోయడం, స్టిర్ అంటే కలపడం, డ్రెయిన్ అంటే కిందికి వదలడం. చదివి, తను చేసింది చెప్పాడు. స్టిరర్ ఆన్ చేసి, కలుపుతూ, 300 లీటర్ల మెథనాల్‌ని అరగంట సేపు నెమ్మదిగా పోశాడు. పోయడం అయిపోగానే కింది వాల్వ్ తెరిచాడు.

నేను రాసేటప్పుడు అనుకున్నది వేరు. మొత్తం మెథనాల్ పోసేయాలి, ఆ తర్వాత అరగంట కలపాలి, ఆ తర్వాత వదలాలి. గోడలకు అంటుకున్నది కరగాలంటే ద్రావకం పూర్తి పరిమాణంలో లోపల ఆ అరగంటా తిరగాలి. అతను చేసిన పద్ధతిలో చివరి లీటరు లోపలికి వెళ్ళిన మరుక్షణమే అంతా బయటికి వచ్చేసింది.

ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. అతను చదివినట్టే చదివాను. అతను చెప్పిందే కరెక్టు. కెమిస్ట్రీ తెలిసినవాళ్ళకైతే ఆ అర్థమే ముందు తడుతుంది. ఒక ద్రవాన్ని కలుపుతూ నెమ్మదిగా చేర్చడం మాకు రోజూ ఉండే పనే. మరి ఇన్ని నెలలుగా మిగతావాళ్ళు సరిగ్గా ఎలా కడుగుతున్నారు? కడుగుతున్నారంటే, వాళ్ళు ఆ కాగితం చదవట్లేదు. పదేళ్ళుగా చేతికి అలవాటైన పని చేసుకుపోతున్నారు. కాగితాన్ని నమ్మి, పదం పదం చదివి చేసినవాడి మీదికే తప్పు వచ్చింది.

ఆ రోజు ఆ ఫారం మీద నేను సంతకం పెట్టలేదు. మా మేనేజర్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "తప్పు ఆ అబ్బాయిది కాదు మేడమ్, వాక్యానిది" అన్నాను. ఆ ఎస్‌ఓపీ కింద ఉన్న మూడు సంతకాల్లో ఆవిడదీ ఒకటి. కాసేపు కాగితం చూసి, "అవును, నేనూ చూడలేదు" అన్నారు. తర్వాత అడిగారు: "సరే, వాక్యంలో తప్పేమిటో చెప్పగలవా?"

చెప్పలేకపోయాను. ఎక్కడో బెణికిందని తెలుస్తోంది, ఎక్కడో తెలియట్లేదు. స్పెల్లింగులు బాగానే ఉన్నాయి, టెన్సు అనుకోవడానికి అక్కడ టెన్సే లేదు.

మేడమ్ ఆ పేజీని తెల్లకాగితం మీద ప్రింటు తీయించి, పెన్సిల్ తీసుకున్నారు. మా దగ్గర రికార్డుల్లో పెన్సిల్ వాడకం నిషిద్ధం, చెరిపేయగలిగే రాత ఏదీ పనికిరాదు. ఆ పెన్సిల్ ఆవిడ సొరుగులో డ్రాఫ్టులు దిద్దడానికి మాత్రమే ఉండేది. "ఇందులో ఆపరేటర్ చేయాల్సిన పనులెన్ని?" అన్నారు. మూడు అన్నాను. "ఒకదాని కింద ఒకటి రాయి." రాశాను. ఛార్జ్. దాని కింద స్టిరింగ్. దాని కింద టు డ్రెయిన్.

అలా నిలువుగా రాసేసరికి కనిపించింది.

"మూడూ ఒకే మనిషి చేసే పనులు. మూడూ సమానమైనవే. ఒకే క్లాసు పిల్లలకి మూడు రకాల యూనిఫామ్ ఎందుకు వేశావమ్మా?" అన్నారు మేడమ్. "చదివేవాడు ఏమనుకుంటాడు? మొదటిది ఒక్కటే అసలు పని, రెండోది దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పని, మూడోది ఇంకేదో అనుకుంటాడు. ఇంగ్లీషులో పదం ఆకారమే దాని హోదా చెబుతుంది. దీన్ని ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు. సమానమైన వాటిని ఒకే ఆకారంలో చెప్పాలి."

రెండు పదాలు మారిస్తే సరిపోయింది. "ఛార్జ్ 300 లీటర్స్ ఆఫ్ మెథనాల్ ఇంటు ది రియాక్టర్, స్టిర్ ఫర్ 30 మినిట్స్, అండ్ డ్రెయిన్ త్రూ ది బాటమ్ వాల్వ్." ఛార్జ్, స్టిర్, డ్రెయిన్. రియాక్టర్‌ని మళ్ళీ కడిగించాం, ఈసారి శాంపిల్ పాసైంది. డీవియేషన్‌లో కారణం దగ్గర ‘ఎస్‌ఓపీలో అస్పష్టత’ అని వెళ్ళింది. ఆ అబ్బాయికి మెమో రాలేదు.

పని అక్కడితో అయిపోయింది, నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. నేను అలా ఎందుకు రాశాను? నిర్లక్ష్యంగా రాసింది కాదు, ఆ పేజీ మీద రెండు రోజులు కూర్చున్నాను.

ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ వాక్యాన్నే తెలుగులో రాసుకున్నాను. "మెథనాల్ పోసి, 30 నిమిషాలు కలిపి, కింది వాల్వ్ గుండా వదలాలి." ఎంత సాఫీగా ఉంది! ఇందులో ఎవరికీ అనుమానం రాదు. నేను ముందు తెలుగులో ఆలోచించింది ఇదే. తెలుగులో ఎన్ని పనులు వరుసగా చెప్పినా చివరిదొక్కటే సమాపక క్రియ, ముందున్నవన్నీ అసమాపకాలు. లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి, ఆఫీసుకి వచ్చాను. ఐదు పనులకు ఒకే ఒక్క పూర్తి క్రియ. ఇంగ్లీషుకి ఈ సౌకర్యం ఇలా లేదు. ఇక్కడ ఒకే వరుసలోని మూడు పనులకూ మూడు సమానమైన క్రియలు కావాలి.

మరి నా ‘కలిపి’ని నేనేం చేశాను? దాన్ని ‘స్టిరింగ్’ చేశాను. హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ‘కలిపి’ క్త్వార్థకం, ఒక పని ముగించి ఇంకో పనికి వెళ్ళడం. ‘కలుపుతూ’ శత్రర్థకం, ఒక పని జరుగుతుండగా ఇంకో పని జరగడం. రెండూ అసమాపకాలే, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. ఇంగ్లీషు వాక్యంలో కామా తర్వాత తగిలించే ఆ ‘ఇంగ్’ ఎక్కువసార్లు మన ‘కలుపుతూ’కి దగ్గర. నేను మనసులో ‘కలిపి’ అనుకుని రాశాను, ఆ అబ్బాయి ‘కలుపుతూ’ అని చదివాడు. రియాక్టర్‌లో జరిగింది సరిగ్గా ఈ తేడానే. ఇక ‘టు డ్రెయిన్’ సంగతి. చిన్నప్పుడు ‘వెళ్ళాలి’ అంటే ‘హావ్ టు గో’ అని బట్టీ పట్టాం కదా. ‘వదలాలి’లోంచి ‘హావ్ టు’ వచ్చి, ‘హావ్’ రాలిపోయి, ‘టు’ మిగిలింది.

ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన తేలికదనం ఇంకా గుర్తుంది. నా ఇంగ్లీషులో తప్పులు గాల్లోంచి ఊడిపడట్లేదు. వాటికి ఒక దారి ఉంది, ఆ దారి నా భాషలోంచే వస్తోంది. అంటే దాన్ని పట్టుకోవచ్చు.

పట్టుకోవడం అంత తొందరగా రాలేదు. ఒక నెల దాకా నియమం తెలుసు, కంటికి మాత్రం ఆనేది కాదు. నేను రాసిన వాక్యాన్ని నేను చదువుతుంటే అర్థం ముందే తెలుసు కాబట్టి తప్పు కనిపించేది కాదు. అప్పుడు సాయం చేసింది చెవి. అదీ ఇంగ్లీషు వల్ల కాదు.

దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ వంటింట్లోంచి కేకేసింది: "బజారుకెళ్తే పెసరపప్పూ, బెల్లమూ, యాలకులూ, కొబ్బరికాయా తీసుకురావే." చీటీ మీద రాసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. పప్పూ, బెల్లమూ, యాలకులూ, కాయా. ప్రతి మాట చివరా దీర్ఘం. ఒక్కటి కూడా వదల్లేదు. వదిలితే ఎలా ఉంటుందోనని నోట్లో అనుకుని చూశాను. "పెసరపప్పూ, బెల్లం, యాలకులూ, కొబ్బరికాయ తీసుకురావే." ఎవరో మెట్టు తప్పి కాలు వేసినట్టుంది. వ్యాకరణంలో సముచ్చయం అంటారు దీన్ని. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది, సముచ్చయం అన్న మాట ఆమె విని ఉండదు. వరుసలో ఉన్నవాటికి ఒకే గుర్తు వేయాలని ఆమె చెవికి తెలుసు.

తెలుగు నిండా ఇదే. ‘రేపో మాపో’ అంటాం, ‘రేపో మాపు’ అనం. ‘టీయా, కాఫీయా?’ అంటాం. ‘అటు వాళ్ళకీ ఇటు వీళ్ళకీ’ అంటాం. సామెతలైతే చెప్పనక్కర్లేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు.’ దీన్ని నేను రియాక్టర్ వాక్యంలా పాడుచేసి చూశాను. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేయడం కూడా చూడాలి.’ అర్థం పోలేదు. అయినా ఆ మాట సామెతలా నిలబడదు. ‘ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది, అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది.’ మొదటి సగంలో ఏ చోట ఏ మాట ఉందో రెండో సగంలో అదే చోట దానికి జోడీ ఉంది. ఏమీ లేనికి అన్నీ ఉన్న, ఎగిరెగిరికి అణిగిమణిగి. ఇంత కచ్చితమైన చెవితో పెరిగి, సమాంతర నిర్మాణం అంటే ఇంగ్లీషువాళ్ళ గొప్ప రహస్యమేదో అనుకున్నాను. నాకు లేనిది చెవి కాదు. ఆ చెవిని ఇంగ్లీషు వైపు తిప్పాలని ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదవడం మొదలుపెట్టాను. చదివే పద్ధతి కూడా ఒకటి కుదిరింది. మా గోడల మీద అన్నిచోట్లా ఒక పోస్టర్ ఉంటుంది. ఫార్మాలో పనిచేసే ప్రతివారికీ తెలిసిన ‘ఆల్కోవా’. రికార్డు ఎలా ఉండాలో చెప్పే ఐదు మాటల మొదటి అక్షరాలవి: అట్రిబ్యూటబుల్, లెజిబుల్, కాంటెంపొరేనియస్, ఒరిజినల్, అక్యురేట్. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుండాలి, పని జరిగినప్పుడే రాయాలి, మొదటి రాతే అయుండాలి, కచ్చితంగా ఉండాలి. ఏళ్ళ తరబడి ఆ పోస్టర్ కిందే టీ తాగాను. ఐదూ విశేషణాలే అని అప్పుడే గమనించాను. ‘ది రికార్డ్ మస్ట్ బీ’ అని ముందు పెట్టి ఒక్కొక్కటీ విడివిడిగా తగిలించి చదివితే ఐదూ అతుకుతాయి. ఆ తర్వాత చేర్చిన నాలుగు, అంటే కంప్లీట్, కన్సిస్టెంట్, ఎండ్యూరింగ్, అవైలబుల్ కూడా అంతే. నా పద్ధతి అదే అయింది. వరుసకు ముందున్న ఉమ్మడి మాట ఏదో చూసుకుని, దాన్ని ఒక్కొక్కదానికీ విడిగా తగిలించి పైకి చదవడం. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ తప్పుంది.

ఒక చిక్కు మాత్రం చాలాకాలం తేలలేదు. ఉమ్మడి మాటని ఒక్కసారి చెప్పాలా, ప్రతిసారీ చెప్పాలా? ‘టు క్లీన్, డ్రై అండ్ లేబుల్’ అనాలా, ‘టు క్లీన్, టు డ్రై అండ్ టు లేబుల్’ అనాలా? దీనికి జవాబు నాకు భారత రాజ్యాంగ పీఠికలో దొరికింది. మా తమ్ముడి కూతురి సోషల్ పుస్తకం మొదటి పేజీల్లో ఉంటే చదువుతున్నాను. ఇంగ్లీషు పీఠికలో ‘లిబర్టీ ఆఫ్ థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్, ఫెయిత్ అండ్ వర్షిప్’ అని ఉంది. ‘ఆఫ్’ ఒక్కసారే, దాని కింద ఐదు నామవాచకాలు. దాని తర్వాతి పంక్తిలోనే ‘ఈక్వాలిటీ ఆఫ్ స్టేటస్ అండ్ ఆఫ్ ఆపర్చునిటీ’ అని ఉంది. ఇక్కడ ఉన్నవి రెండే, అయినా ‘ఆఫ్’ రెండుసార్లు. రెండు పద్ధతులూ సరైనవే. ఒక్కసారి చెబితే ఒక్కసారే చెప్పాలి, ప్రతిసారీ చెబితే ఏ ఒక్కదాన్నీ వదలకూడదు. ‘టు క్లీన్, డ్రై అండ్ టు లేబుల్’ అని మధ్యలో ఒకదాన్ని ఒంటరిని చేయడమే కుదరదు.

రెండో ‘ఆఫ్’ ఊరికే రాలేదని నాకనిపిస్తుంది. స్టేటస్ వేరు, అవకాశం వేరు, రెండిటిలోనూ విడివిడిగా సమానత్వం కావాలి అని ఆ చిన్న మాట నొక్కి చెబుతోంది. తెలుగు పీఠికలో అదే చోట ‘అంతస్తుల్లోనూ, అవకాశాల్లోనూ సమానత్వాన్ని’ అని ఉంటుంది. లోనూ, లోనూ. మా అమ్మ సరుకుల చీటీలో ఉన్న దీర్ఘమే. 1949 నవంబర్ 26 తేదీ ఉన్న ఆ వాక్యం చివర ‘అడాప్ట్, ఎనాక్ట్ అండ్ గివ్ టు అవర్సెల్వ్స్’ అని మూడు క్రియలు వరుసగా వస్తాయి. నా ఛార్జ్, స్టిర్, డ్రెయిన్ లాగే. అంత పెద్ద వాక్యం, నిండా వరుసలే, అయినా ఎక్కడా దారి తప్పనివ్వదు. బడిలో ఎన్నోసార్లు చదివిన పేజీ అది. దాని నిర్మాణం కనిపించింది మాత్రం అప్పుడే, ఆ పాప పుస్తకం తిరిగి ఇవ్వమని అడిగేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.

జంట మాటల దగ్గర నాకు మళ్ళీ కష్టమైంది. ఐదర్–ఆర్, నాట్ ఓన్లీ–బట్ ఆల్సో, బోత్–అండ్. ఒక ఎస్‌ఓపీలో ఇలా రాశాను: "ది శాంపిల్ షల్ ఐదర్ బీ సెంట్ టు క్యూసీ ఆర్ స్టోర్డ్ ఇన్ ది ఫ్రిజ్." మేడమ్ దిద్ది పంపారు. నాకేమో ఇది బాగానే ఉన్నట్టుంది. ఇక్కడా తెలుగు దగ్గరికే వెళ్ళాను. "శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపడం గానీ ఫ్రిజ్‌లో పెట్టడం గానీ చేయాలి." మన ‘గానీ’ ప్రతి అంశానికీ వెనక నిలబడుతుంది. వెనక ఉంది కాబట్టి దాని ముందున్నది ఏమిటో తప్పకుండా చూసుకుంటాం. పంపడం గానీ, పెట్టడం గానీ. ఇంగ్లీషు ‘ఐదర్’ అంశానికి ముందు నిలబడుతుంది. కాబట్టి చూసుకోవలసింది దాని తర్వాత వచ్చేదాన్ని. నా వాక్యంలో ‘ఐదర్’ తర్వాత ‘బీ సెంట్’ ఉంది, ‘ఆర్’ తర్వాత ఒక్క ‘స్టోర్డ్’ ఉంది. కావడిలో ఒక కుండ నిండుగా, ఒక కుండ వెలితిగా ఉన్నట్టు. ‘బీ’ని ముందుకు జరిపాను: "షల్ బీ ఐదర్ సెంట్ టు క్యూసీ ఆర్ స్టోర్డ్ ఇన్ ది ఫ్రిజ్." సెంట్ ఒకవైపు, స్టోర్డ్ ఒకవైపు.

‘నాట్ ఓన్లీ’ కూడా ఇంతే. "ది ఫిల్టర్ నాట్ ఓన్లీ రిమూవ్స్ పార్టికల్స్ బట్ ఆల్సో కలర్" అని రాస్తే ఒకవైపు క్రియ, ఇంకోవైపు నామవాచకం పడ్డాయి. "రిమూవ్స్ నాట్ ఓన్లీ పార్టికల్స్ బట్ ఆల్సో కలర్" అంటే సరిపోతుంది. పోలికల సంగతీ క్లుప్తంగా చెబుతాను. ఎ రియాక్టర్ టెంపరేచర్‌ని బి రియాక్టర్‌తో పోల్చి రాసేదాన్ని. పోల్చాల్సింది టెంపరేచర్‌తో. ‘దాన్ దట్ ఆఫ్ రియాక్టర్ బి’ అనాలి. తెలుగులో ‘బి రియాక్టర్ కంటే’ అన్నా నడిచిపోతుంది కాబట్టి ఇది ఇప్పటికీ నా చేత అప్పుడప్పుడు జారుతుంది.

ఇదంతా ఫ్యాక్టరీ గోడల మధ్య గొడవే అనుకునేదాన్ని, అమెరికాలోని పాల వ్యాన్ల డ్రైవర్ల కేసు గురించి చదివేదాకా. మెయిన్ అనే రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ డబ్బుల కోసం కోర్టుకెక్కారు. కొన్ని పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదని అక్కడి చట్టం ఒక జాబితా ఇచ్చింది: క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రైయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్. డ్రైవర్లు చేసేది డిస్ట్రిబ్యూషన్. అది జాబితాలో విడిగా ఒక పని అయితే డ్రైవర్లకు డబ్బు రాదు. ‘ప్యాకింగ్’ అన్నదానికి అనుబంధం మాత్రమే అయితే, ప్యాకింగ్ చేయని డ్రైవర్లకు డబ్బు వస్తుంది.

లోకమంతా దీన్ని కామా కేసు అంది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేకపోవడమే అందరికీ ఆసక్తి. నన్ను పట్టుకున్నది డ్రైవర్ల తరఫు ఇంకో వాదన. జాబితాలోని పనులన్నీ ‘ఇంగ్’తో ముగుస్తున్నాయి. డిస్ట్రిబ్యూషన్ కూడా విడి పనే అయితే చట్టం ‘డిస్ట్రిబ్యూటింగ్’ అనేది. అలా అనలేదు. దాని ఆకారం షిప్‌మెంట్ ఆకారం, కాబట్టి ఆ రెండూ జంట, రెండూ ‘ఫర్’ కిందివే. ఇదే కదా మేడమ్ చెప్పింది, పదం ఆకారమే దాని హోదా చెబుతుందని! 2017లో అప్పీల్ కోర్టు ఆ చట్టం మాటలు రెండు రకాలుగానూ అర్థమయ్యేలా ఉన్నాయని, అలాంటప్పుడు కార్మికుల వైపు మొగ్గాలని డ్రైవర్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ చట్టాన్ని తర్వాత సవరించినప్పుడు అంశాల మధ్య సెమీకోలన్లు పెట్టడమే కాదు, ‘డిస్ట్రిబ్యూషన్’ని ‘డిస్ట్రిబ్యూటింగ్’ అని మార్చారు. ఒక ‘ఇంగ్’ లేకపోవడం అక్కడ, ఒక ‘ఇంగ్’ ఎక్కువవడం ఇక్కడ. రెండు చోట్లా మధ్యలో ఉన్నది పనిచేసుకుని బతికేవాళ్ళే. అందుకే దీన్ని వాక్యానికి వేసే నగగా నేను చూడలేను.

నేర్చుకున్న ఉత్సాహంలో ఒక తప్పూ చేశాను. కనిపించిన ప్రతిదాన్నీ వరుసలో నిలబెట్టేశాను. "వేర్ గ్లవ్స్, ఓపెన్ ది డ్రమ్, అండ్ నోట్ దట్ మెథనాల్ ఈజ్ ఫ్లేమబుల్." వేర్, ఓపెన్, నోట్. ఆకారం చక్కగా కుదిరింది. మేడమ్ ఒప్పుకోలేదు. మెథనాల్ ఆవిరి 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. మా ఊళ్ళలో శీతాకాలం మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. ఆ హెచ్చరిక మూడో అంచె కాదు, మొదటి అంచెకంటే ముందు ఉండాల్సిన మాట. సమానం కానిదాన్ని సమానంగా చూపించడమూ అబద్ధమే అన్నారావిడ. హెచ్చరికని తీసి, పైన గళ్ళలో పెద్ద అక్షరాలతో పెట్టాం. ఆ రోజు నుంచి, ఆకారం సరిచేసే ముందు ఇవి నిజంగా ఒకే వరుసవేనా అని చూసుకుంటున్నాను.

ఆ ఏడాది చివరికల్లా నా పేరు మీదున్న 40 ఎస్‌ఓపీలు మళ్ళీ చదివాను. పైకి చదువుతుంటే పక్క సీట్లవాళ్ళు మొదట్లో తలెత్తి చూసేవాళ్ళు, తర్వాత వాళ్ళ డ్రాఫ్టులు కూడా తెచ్చివ్వడం మొదలుపెట్టారు.

రియాక్టర్ ఎస్‌ఓపీ కొత్త రివిజన్ మీద సంతకాలు కాకముందు డ్రాఫ్టుని ప్రొడక్షన్‌లోకి తీసుకెళ్ళాను. ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు కూడా పెట్టాలని మేడమ్‌ని ఒప్పించాను. "300 లీటర్ల మెథనాల్ పోయాలి. 30 నిమిషాలు కలపాలి. కింది వాల్వ్ గుండా వదలాలి." అసమాపకాలు తీసేసి, మూడు విడి వాక్యాలు చేశాను. ఆ రోజు పగటి షిఫ్టులో ఆ శ్రీకాకుళం అబ్బాయే ఉన్నాడు. గ్లవ్స్ తీసి, కాగితం పట్టుకుని, రెండు భాషల్లోనూ పైకి చదివాడు.

"మేడమ్, ఒకటి చెప్పనాండి? ‘పోయడం పూర్తయ్యాక’ 30 నిమిషాలు కలపాలి అని పెడితే ఇంకెవరికీ అనుమానం రాదండి."

నిజమే. నా మూడు క్రియలు ఎంత సమానంగా ఉన్నా, ఆ అరగంట ఎప్పటినుంచి లెక్కపెట్టాలో అవి చెప్పట్లేదు. రెండో వాక్యం ముందు ‘పోయడం పూర్తయ్యాక’ అని రాశాను. అతను ఇంకా కాగితం వైపే చూస్తున్నాడు. పెదవులు కదుపుతూ మొదటి నుంచి మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు.

"అలాగైతే మూడోదానికీ పెట్టాలి కదండీ. ‘కలపడం పూర్తయ్యాక’ అని."

పెట్టాను. ఇంగ్లీషులోనూ రెండు చోట్లా ‘ఆఫ్టర్ ఛార్జింగ్’, ‘ఆఫ్టర్ స్టిరింగ్’ అని చేర్చి, డ్రాఫ్టు తీసుకుని సంతకాల కోసం పైకి వెళ్ళాను.